పిల్లలు తమను తాము గాయపరచుకుంటున్నారని తెలిస్తే: ఇంట్లోవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మీరిది చదువుతున్న సమయానికే మీ పిల్ల ఏదైనా మింగి ఉంటే, గాయం నుంచి రక్తం ఆగకపోతే, చచ్చిపోతానంటూ గదిలో ఒంటరిగా ఉంటే మిగతాది తర్వాత చదవొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మింగినవి ఇంట్లో ఉండే మామూలు బిళ్ళలే అయినా, పిల్ల బాగానే మాట్లాడుతున్నా ఆగకండి. కొన్ని మందులు మొదటి రోజంతా ఏమీ తెలియనివ్వకుండానే లోపల దెబ్బతీస్తాయి. ఖాళీ స్ట్రిప్పో సీసానో దొరికితే వెంట పట్టుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయొద్దు.

అంత అత్యవసరం లేదనుకుంటే కూర్చుని చదవండి. ఇది 12 నుంచి 19 ఏళ్ల పిల్లలున్న ఇళ్ల కోసం రాసింది. వైద్యం చేసేది డాక్టరే. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు, వెళ్లొచ్చాక ఇంట్లో గడిచే రోజులుంటాయి కదా, ఈ రాత అంతా వాటి గురించే.

అసలిది ఏమిటి

మనసులో బాధ భరించలేనంతగా పెరిగినప్పుడు కొందరు పిల్లలు చనిపోవాలన్న ఉద్దేశం లేకుండానే తమ శరీరాన్ని తామే గాయపరచుకుంటారు. పిల్లలు దీన్ని సెల్ఫ్ హార్మ్ అనే అంటారు. ఎక్కువగా 12, 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2014లో వచ్చింది. టీనేజీ పిల్లల్లో నూటికి 17 మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేశారని అందులో తేలింది. ఇంటర్‌లో 60 మంది ఉన్న సెక్షన్‌కి ఆ లెక్క వేస్తే పది మంది అవుతారు. అందుకే "మన ఇళ్లలో ఇలాంటివి ఉండవు" అన్న ధీమా పనికిరాదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో దాదాపు 1,900 మంది విద్యార్థులను 14, 15 ఏళ్ల వయసు నుంచి 29 దాకా గమనిస్తూ వచ్చారు. 2012లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. టీనేజీలో గాయపరచుకున్నవాళ్లు సుమారు 8 శాతం, వాళ్లలో పదింట తొమ్మిది మంది పెద్దయ్యేసరికి మానేశారు. ఇది కొండంత ధైర్యం ఇచ్చే సంగతే. అలాగని వయసుతో అదే పోతుందిలే అని వదిలేయడానికి లేదు. ఆ వయసులో డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లలో పెద్దయ్యాక కూడా ఈ సమస్య కనిపించే అవకాశం ఎక్కువని అదే అధ్యయనం చెప్పింది. పైగా, ఈ రోజు చనిపోవాలన్న ఉద్దేశం లేకపోయినా, తమను తాము గాయపరచుకునే పిల్లలకు ముందుముందు ఆత్మహత్య ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. కాబట్టి గాయం చిన్నదైనా పెద్దదైనా పట్టించుకోవాల్సిందే.

ఇళ్లలో సాధారణంగా ఎలా బయటపడుతుందంటే: మే నెల ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ విప్పరు. ఫంక్షన్‌కి కొన్న డ్రెస్ వద్దంటారు. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో బ్యాండ్ ఎయిడ్లు తరిగిపోతుంటాయి. బాత్రూమ్‌లో చాలాసేపు ఉంటారు. అడిగితే "పిల్లి గీరింది" అంటారు, ఆ ఇంటికి పిల్లి వచ్చి ఏళ్లయి ఉంటుంది. మగపిల్లల విషయంలో మనం ఇంకా తేలిగ్గా మోసపోతాం. బాధ కలిగినప్పుడల్లా గోడను గుద్ది వేళ్లు వాపు తెచ్చుకునే కుర్రాణ్ని చూసి "వాడికి ముక్కు మీదే కోపం" అని ఊరుకుంటాం.

ఎందుకు చేస్తారు

"అందరూ తనవైపు చూడాలని చేస్తోంది." బంధువుల నోట మొదట వచ్చే మాట ఇదే. అందరూ చూడాలనుకునే పిల్ల ఎండాకాలంలో చేతులెందుకు కప్పుకుంటుంది? చాలామంది దీన్ని నెలల తరబడి దాస్తారు, దాచలేక నలిగిపోతారు.

పిల్లలు చెప్పే కారణాల్లో ఎక్కువసార్లు వినిపించేది ఉపశమనం. కోపం, అవమానం, భయం కలిసి ఊపిరాడనివ్వనప్పుడు శరీరానికి తగిలే నొప్పి కాసేపు ఆ ఉక్కపోతను తగ్గిస్తుంది. గాయమైనప్పుడు శరీరం తనంతట తానే విడుదల చేసే ఎండార్ఫిన్ల పాత్ర కూడా ఇందులో ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. ఉపశమనం నిమిషాల్లో పోతుంది, వెనకే సిగ్గు వస్తుంది, ఆ సిగ్గే మరో బాధై మళ్లీ అదే దారి పట్టిస్తుంది. అది అలవాటుగా మారేది ఇలాగే. ఇంకొందరిది వేరే స్థితి. ఏమీ అనిపించని మొద్దుబారినతనంలో ఉండి, ఏదో ఒకటి అనిపిస్తే చాలనుకుంటారు. "నేను దేనికీ పనికిరాను" అని తమను తామే శిక్షించుకునేవాళ్లూ ఉంటారు. తన కష్టం ఎంతటిదో నోటితో చెప్పలేక ఇలా చూపించే పిల్లలు కూడా ఉన్నారు. ఉన్నా కూడా అది నాటకం అనడానికి లేదు. అంత కష్టమొస్తేగాని అలా చూపించరు.

వెనక ఉండేవి మనకు తెలిసినవే. ర్యాంకుల గోల, హాస్టల్‌లో ఒంటరితనం, క్లాసులో ఏడిపించడం, ఇంట్లో రోజూ గొడవలు, ప్రేమలో దెబ్బ, తన రూపం మీద అసహ్యం. కొన్నిసార్లు ఇవేవీ కావు, ఎవరికీ చెప్పని లైంగిక వేధింపు ఉంటుంది. ఒక్క కారణమే ఉండటం అరుదు. అందుకే "ఎందుకు చేశావో చెప్పు" అని నిలదీస్తే పిల్ల దగ్గర జవాబు ఉండదు. ఆమెకే సరిగ్గా తెలియదు.

మార్షా లినెహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు సంగతి ఇక్కడ చెప్పాలి. 1961లో, 17 ఏళ్ల వయసులో, ఇదే సమస్యతో ఆమెను కనెక్టికట్‌లోని ఒక మానసిక ఆసుపత్రిలో చేర్చారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉంది. తర్వాత చదువుకుని, ఇలాంటి బాధ ఉన్నవాళ్ల కోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించింది. పొట్టిగా డీబీటీ అంటారు. తన కథను 2011లో అదే ఆసుపత్రిలో అందరి ముందూ చెప్పింది. ఈ రోజు టీనేజీ పిల్లల సెల్ఫ్ హార్మ్‌కు మంచి రుజువులున్న చికిత్సల్లో డీబీటీ ముందు వరసలో ఉంది.

మొదటి అడుగు: తెలిసిన ఆ గంటలో

నా అభిప్రాయంలో అన్నిటికంటే ముఖ్యమైన గంట ఇదే. మొదటిసారి మనం ఎలా ఉన్నామన్నదాన్ని బట్టే, రెండోసారి బాధ వచ్చినప్పుడు పిల్ల మన దగ్గరకొస్తుందా, ఇంకా లోతుగా దాస్తుందా అన్నది ఉంటుంది. మాన్పించడం తర్వాతి సంగతి. ముందు చెప్పుకునే దారి తెరిచి ఉండాలి.

మీకు కాళ్లూ చేతులూ వణుకుతాయి. కోపం వస్తుంది, ఏడుపొస్తుంది, "మేం ఏం తక్కువ చేశాం" అనిపిస్తుంది. అవన్నీ సహజమే, కానీ పిల్ల ముందు కాదు. పక్క గదిలోకి వెళ్లి మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని రండి. అమ్మా నాన్నల్లో ఎవరు ఎక్కువ నెమ్మదిగా ఉండగలరో వాళ్లే ముందు వెళ్లండి. ఇద్దరూ కలిసి గదిలోకి వస్తే పిల్లకు అది పంచాయితీలా ఉంటుంది.

మన ఇళ్లలో అప్రయత్నంగా చేసే పనులు కొన్ని ఉన్నాయి. చేయి గుంజి చూడటం, చెంప మీద కొట్టడం, ఫోన్ లాక్కోవడం, ఊళ్లో ఉన్న మేనమామకు వీడియో కాల్ చేసి "నువ్వైనా చెప్పు" అనడం. ఇవేవీ వద్దు. వీటన్నిటికంటే మెత్తగా కనిపించి ఎక్కువ చెడు చేసేది ఇంకొకటుంది, ఒట్టు. పిల్ల చేతిని తన తల మీద పెట్టుకుని "ఇంకెప్పుడూ చేయనని నా మీద ఒట్టెయ్" అని తల్లి ఏడుస్తుంది. పిల్ల వేస్తుంది, వేయకుండా ఎలా ఉంటుంది? వారం తిరక్కుండా మళ్లీ ఆ ఉక్కపోత వస్తుంది, తట్టుకోలేకపోతుంది. ఇప్పుడు ఆమె నెత్తిన రెండు బరువులు: పాత బాధ, ఒట్టు తప్పి అమ్మకు ఏమైనా అవుతుందేమోనన్న భయం. ఇక చచ్చినా చెప్పదు. "ఇక చేయను" అని రాయించుకుని సంతకాలు పెట్టించే పద్ధతి కౌన్సెలర్లలో కూడా ఒకప్పుడు ఉండేది. అది కాపాడుతుందనడానికి రుజువు దొరక్క చాలామంది వదిలేశారు.

గాయం చూడటం

పిల్ల ఒప్పుకుంటేనే చూడండి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, ఆగాక పారే నీళ్లతో కడిగి కట్టు కట్టండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకుని ఉన్నా, కాలిన గాయమైనా, ఎర్రగా వాచి చీము పడుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో గుర్తు తెచ్చుకోండి. కట్టు కట్టేటప్పుడు ఉపన్యాసం వద్దు. "మంటగా ఉందా?" అంటే చాలు.

రెండో అడుగు: మాట్లాడటం

ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటే పిల్ల నోరు మూతపడుతుంది. పక్కపక్కన ఉన్నప్పుడు మాట సులువు. డాబా మీద బట్టలు తీస్తున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, బండి మీద వెళ్తున్నప్పుడు కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు కాబట్టి పిల్లలు కాస్త తెరుచుకుంటారు. మొదలుపెట్టడం ఇలా ఉండొచ్చు:

"చిన్నీ, నీ చేతి మీద గాయాలు చూశాను. కోప్పడటానికి అడగట్లేదమ్మా. నీకేదో చాలా కష్టంగా ఉందని మాత్రం అర్థమైంది."

"ఏం లేదమ్మా. పిల్లి గీరింది."

"సరే. ఇప్పుడు చెప్పాలని లేకపోతే వద్దు. నాకు బెంగగా ఉంది, అందుకే మళ్లీ అడుగుతాను. ఎప్పుడు చెప్పినా తిట్టను."

అంతే, అక్కడితో ఆపేయాలి. ఇది చదవడానికి తేలిక, చేయడానికి కష్టం. "పిల్లి గీరింది" అన్న మరుక్షణం "నాకు అబద్ధాలు చెబుతావా?" అని నోటి చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేయాలి. మర్నాడో, నాలుగో రోజో మళ్లీ అడగాలి. రెండోసారి అడగరనే పిల్లలు అనుకుంటారు, అడిగితే నమ్మకం మొదలవుతుంది.

చెప్పడం మొదలుపెట్టాక మన పని వినడం. "దానికే ఇంతా?", "మా రోజుల్లో అయితే...", "ఫలానా వాళ్ల అమ్మాయిని చూడు" అనే మూడు మాటలూ ఆ రోజుకి పెట్టెలో పెట్టి తాళం వేయండి. సలహా అయినా అడిగితేనే ఇవ్వండి. "అలా అయితే నీకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో" అనడం అబద్ధపు ఓదార్పు కాదు, విన్నామని చెప్పడం. "నాన్నకి చెప్పొద్దు" అని అడిగితే మాట ఇచ్చేయకండి. "నీ ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే చెప్పక తప్పదు. కానీ ఎవరికి, ఏం చెప్పేదీ ముందు నీతో అనుకునే చెబుతాను" అనండి. నిలబెట్టుకోగల మాట ఇదే.

తనమీద లైంగిక వేధింపు జరిగిందని పిల్ల చెబితే ముందు నమ్మండి, "అందులో నీ తప్పేమీ లేదు" అని స్పష్టంగా చెప్పండి. బాధితులు 18 ఏళ్లలోపు వాళ్లయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చేసినవాడు బంధువైనా సరే. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ దారి చూపుతుంది.

మూడో అడుగు: అడగడానికి భయమేసే ప్రశ్న

"చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని భయపడతాం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తారన్నదే పెద్ద ఊరట. డొంకతిరుగుడుగా "పిచ్చి ఆలోచనలేమీ లేవుగా?" అని అడగకండి. అలా అడిగితే "లేవు" అనడం తప్ప పిల్లకు దారి ఉండదు.

అవునంటే ఇంకో రెండు అడగాలి: ఎలా అని ఆలోచించావా? ఇవాళ, ఈ వారంలో అలా అనిపిస్తోందా? ఎలా చేయాలో అనుకుని ఉన్నా, ఈ మధ్యే ప్రయత్నించి ఉన్నా, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, తన తర్వాత జరగాల్సిన వాటి గురించి మాట్లాడుతున్నా ఆ పూటే డాక్టరుకు చూపించాలి. అప్పటిదాకా ఒక్కదాన్నే వదలకండి. రాత్రి అయితే పక్కనే పడుకోండి.

నాలుగో అడుగు: ఇల్లు సర్దడం

తట్టుకోలేని కోరిక అలలా లేచి, చాలాసార్లు కొద్దిసేపటికే తగ్గుతుంది. ఆ కాసేపట్లో ప్రాణం తీసేది చేతికి అందకపోతే పిల్ల బతుకుతుంది. అందుకే ఈ పని కౌన్సెలింగ్ ఎంత అవసరమో అంత అవసరం.

పల్లెల్లో మొట్టమొదట చూడాల్సింది పురుగుమందులు. పశువుల కొట్టంలో, మంచం కింద, మోటారు షెడ్డులో సగం మిగిలిన డబ్బాలు ఉంటాయి. వాటిని తాళం ఉన్న పెట్టెలో పెట్టి, తాళంచెవి ఒకే పెద్దమనిషి దగ్గర ఉంచండి. సీజన్ అయిపోతే ఇంట్లో ఉంచుకోవద్దు. పట్నాల్లో అయితే మందుల డబ్బా. తాతయ్య బీపీ, షుగర్ మాత్రలు, నానమ్మ నిద్రమాత్రలు, జ్వరానికి కొన్న బిళ్ళలు అన్నీ ఫ్రిజ్ మీద ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. అవన్నీ తాళంలోకి పోవాలి, రోజు మోతాదు మాత్రమే బయటికి రావాలి. పిల్లకు డాక్టరు రాసిన మందులు కూడా అంతే.

గాయపరచుకోవడానికి వాడే వస్తువుల సంగతి కొంచెం నాజూకు. పిల్ల స్కూల్లో ఉండగా గదంతా తిరగేసి, డైరీ చదివేస్తే ఏదో ఒకటి దొరుకుతుంది, నమ్మకం మాత్రం పోతుంది. "ఇవి కొన్నాళ్లు నా దగ్గర ఉంచుతాను, నువ్వే తెచ్చివ్వు" అని అడగడం మేలు. బాత్రూమ్ గడియ పీకేయకండి. "గడియ పెట్టుకో, కానీ పిలిస్తే పలుకు" అన్న ఒప్పందం చాలు. ప్రాణాపాయం ఉందని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఐదో అడుగు: ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఎటూ పాలుపోకపోతే 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తల్లిదండ్రులు కూడా తమ కోసం చేయొచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, సాధనలతో చికిత్స చేస్తారు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. మూడు నెలల కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవాళ్లూ ఊరూరా ఉన్నారు. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలూ ఉంటాయి. ఎర్రగడ్డ పేరెత్తితేనే నవ్వే అలవాటు మనది. ఆ నవ్వు వల్లే ఎన్నో కుటుంబాలు ఏడాది ఆలస్యంగా వెళ్తాయి.

మంచి డాక్టరు పిల్లతో కాసేపు ఒంటరిగా మాట్లాడతారు. "మా ముందే అడగండి" అని పట్టుబట్టకండి. మొదటిసారే మందుల చీటీ రాకపోతే నిరుత్సాహపడకండి. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, గాయపరచుకోవడం ఆపడానికంటూ ప్రత్యేకంగా మందు ఇవ్వకూడదు. డిప్రెషన్ వంటిది ఉంటే దానికి మందు వాడతారు. డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలివారాల్లో కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ 2004 నుంచీ హెచ్చరిస్తోంది. దానర్థం మందు మానేయమని కాదు, ఆ వారాల్లో దగ్గరుండి గమనించమని. మధ్యలో సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం.

కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి వెళ్లనివాళ్లున్నారు. ఆసుపత్రివాళ్లు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాసి పోలీసులకు చెప్పొచ్చు. అంతమాత్రాన పిల్ల నేరస్థురాలు కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఇన్సూరెన్స్ ఉంటే, మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా వర్తింపజేయాలని కూడా ఆ 2017 చట్టం చెబుతోంది.

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలు 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పంపొచ్చు. బ్రిటన్‌లో పిల్లలు 0800 1111కి, పెద్దలు 116 123కి చేయొచ్చు.

ఆరో అడుగు: ఒక కాగితం

బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఆత్మహత్య ముప్పు ఉన్నవాళ్ల కోసం ఒక చిన్న పద్ధతి తయారుచేశారు. ఇప్పుడు సెల్ఫ్ హార్మ్‌కూ వాడుతున్నారు. బాధ పెరిగినప్పుడు బుర్ర పనిచేయదు కాబట్టి, బాగున్న రోజే ఏం చేయాలో రాసిపెట్టుకోవడం. పిల్లే తన చేత్తో, తన మాటల్లో రాయాలి. వీలైతే సైకాలజిస్టు దగ్గరే రాయించండి. ఇంటర్ చదివే అమ్మాయి రాస్తే అది ఇలా ఉండొచ్చు:

*మొదలవుతోందని నాకు తెలిసేది: మార్కుల మెసేజ్ వచ్చినప్పుడు. ఛాతీ బరువెక్కుతుంది. లైట్ ఆర్పేస్తాను, అన్నం వద్దంటాను.*

*నేనొక్కదాన్నే చేయగలిగేది: చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోవడం, మెట్లు ఎక్కి దిగడం, పాటలు పెట్టుకుని రంగులు వేయడం.*

*మనుషుల్లోకి వెళ్లడం: కింద పిన్ని వాళ్లింటికి, వాళ్ల బుజ్జిగాడితో ఆడటానికి. కారణం చెప్పక్కర్లేదు.*

*అడగదగ్గవాళ్లు: అమ్మ (రాత్రి రెండింటికైనా లేపొచ్చు), అక్క. "డాబా మీదకి వెళ్దామా" అంటే చాలు, ఏమైందని అడగరు.*

*డాక్టరు గారి నంబరు, 14416, 108.*

*ఇంట్లో తాళం వేయాల్సినవి: నాన్న చూసుకుంటారు.*

ఆ "డాబా మీదకి వెళ్దామా" అన్న వాక్యం చూడండి. "నాకు మళ్లీ అలా చేసుకోవాలనిపిస్తోంది" అని నోటితో చెప్పడం చాలామంది పిల్లలకు సాధ్యం కాదు. ముందే అనుకున్న మామూలు మాట ఒకటి ఉంటే పని జరుగుతుంది. ఆ మాట వినగానే పొయ్యి ఆపేసి వెళ్లాలి, కూర మాడినా సరే. ఒక్కసారి "ఉండు, ఈ సీరియల్ అయిపోనీ" అంటే ఆ మాట ఇంకెప్పుడూ వినిపించకపోవచ్చు.

నొప్పికి బదులు ఇంకో నొప్పి కలిగించుకునే చిట్కాలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. వాటివల్ల నొప్పికీ ఉపశమనానికీ ఉన్న ముడి అలాగే ఉండిపోతుంది కాబట్టి నేను చెప్పను.

స్కూలు, కాలేజీ, హాస్టల్

స్టాఫ్ రూమ్ మొత్తానికి తెలియక్కర్లేదు. పిల్లే ఎంచుకున్న ఒక టీచరుకు చెబితే చాలు. ఏం చెప్పేదీ పిల్లతో ముందే అనుకోండి. హాస్టల్‌లో ఉంటే సంగతి వేరు. రాత్రి పక్కన ఎవరు ఉంటారో, వార్డెన్‌కు ఏం తెలుసో చూసుకోవాలి. హాస్టల్‌లో ఉంచొద్దని డాక్టరు అంటే ఇంటికి తీసుకొచ్చేయండి. "ఫీజు కట్టేశాం, రెండు నెలలే కదా" అనే లెక్క ఇక్కడ వేయకూడదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, అందరిలో అవమానించకూడదు. టెలి మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో అందరికీ కనిపించేలా పెట్టాలి. కోచింగ్ సెంటర్లకూ ఇవి వర్తిస్తాయి. అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసి వచ్చేయకుండా, "మీ కౌన్సెలర్ ఎవరు, ఒకసారి కలవొచ్చా?" అని అడగండి. చాలా కాలేజీల రిసెప్షన్‌లో ఆ ప్రశ్నకు తెల్లమొహం వేస్తారు. అది కూడా ఒక జవాబే. ఫలితాలొచ్చే రోజున ఇంట్లో పెద్దవాళ్లొకరు సెలవు పెట్టి పిల్ల దగ్గరే ఉండండి.

ఇంట్లో మిగతావాళ్లు

నానమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, గుడికి తీసుకెళ్తానంటే పిల్లకు ఇష్టమైతే వెళ్లనివ్వండి. ఆ పేరుతో డాక్టరు అపాయింట్‌మెంట్ మాత్రం మానకండి. తమ్ముడు, చెల్లెలు ఏదో జరుగుతోందని ఎప్పుడో పసిగట్టి ఉంటారు. "అక్కకి మనసు బాగాలేదు, డాక్టరు చూస్తున్నారు, నీ వల్ల కాదు" అని చెబితే చాలు. కాపలా డ్యూటీ మాత్రం వాళ్లకి వేయకండి. భార్యాభర్తలు "నీ గారాబం వల్లే", "నీ తిట్ల వల్లే" అని దెప్పుకుంటుంటే పక్క గదిలోని పిల్లకు వినిపించేది ఒక్కటే, తన వల్ల ఇల్లు పాడవుతోందని. మీకూ నిద్ర, తిండి, మనసు విప్పి చెప్పుకునే ఒక మనిషి అవసరం.

ఫోన్ గురించి ఒక మాట. గాయాల ఫొటోలు, అలాంటి గ్రూపులు పిల్లల్లో ఈ అలవాటును పెంచగలవు. కానీ ఫోన్ మొత్తం లాక్కుంటే కష్టంలో ఆదుకునే స్నేహితురాలు కూడా పోతుంది. ఏం చూస్తోందో పక్కన కూర్చుని అడగండి, రాత్రి పడుకునేముందు ఇంటిల్లిపాదీ ఫోన్లు హాల్లో పెట్టండి. నాన్న ఫోన్ కూడా.

మళ్లీ జరిగితే

జరుగుతుంది. నెలరోజులు బాగుండి, యూనిట్ టెస్ట్ తర్వాత మళ్లీ గాయం కనిపిస్తుంది. అంతటితో చికిత్స దండగైందని కాదు. ఈసారి తనే వచ్చి చెప్పిందా? ఎన్నాళ్ల తర్వాత జరిగింది? చేసుకునేముందు కాగితంలోవి ఏమైనా ప్రయత్నించిందా? డాక్టరు అడిగేవి కూడా ఇవే. గాయాల సంఖ్య లెక్కపెట్టి "పోయినసారి కంటే ఎక్కువ" అని పిల్ల ముందు అనకండి. గాయాలు లోతవుతున్నా, తరచుగా అవుతున్నా, పద్ధతి మారుతున్నా, చనిపోవడం గురించి మాటలొస్తున్నా మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

మచ్చల గురించి బంధువులు అడుగుతారు. ఆడపిల్లయితే "రేపు సంబంధాలు ఎలా?" అని కూడా అంటారు. పెళ్లిళ్ల సీజన్‌కి ముందే పిల్లతో కూర్చుని ఏం చెప్పాలో అనుకోండి. "చిన్నప్పుడు దెబ్బ తగిలింది" అంటుందో, "దాని గురించి మాట్లాడాలని లేదు పిన్నీ" అంటుందో, చేతులు కప్పే జాకెట్ కుట్టించుకుంటుందో తన ఇష్టం. పాత మచ్చలు పలచబడటానికి చర్మ డాక్టర్ల దగ్గర చికిత్సలున్నాయి, తను అడిగినప్పుడు తీసుకెళ్లండి. ఎవరైనా పట్టుబట్టి అడుగుతుంటే అమ్మో నాన్నో పక్కకొచ్చి "భోజనాలు మొదలయ్యాయి, పదండి" అని మాట మార్చేయొచ్చు.